తండా పెరట్లో తమాకు: చెరకు సీమలో మన చిన్న పంట

నిజామాబాద్ జిల్లా పంటల గురించి రాసిన వాళ్లు చెరకు గురించి, వరి గురించి, పసుపు గురించి చాలానే రాశారు. నిజాంసాగర్ కాలువ ఎక్కడిదాకా పారింది, బోధన్ ఫ్యాక్టరీ ఎప్పుడు పొగ విడిచింది, ఎప్పుడు ఆపింది, ఈ లెక్కలన్నీ దొరుకుతాయి. మన తండాల్లో పశువుల కొట్టం పక్కన, స్నానాల నీళ్లు పారే చోట, నాలుగు మంచాలు వేసుకునేంత జాగాలో పెరిగిన పంట గురించి మాత్రం ఎవరూ రాయలేదు. దానికి శిస్తు లేదు, సర్వే నంబరు లేదు, మార్కెట్ యార్డు లేదు. పట్వారీ రాసుకోని పంట కాబట్టి పుస్తకాల్లోకీ ఎక్కలేదు. గోర్ బోలిలో మనం తమాకు అంటాం, ఊళ్లో వాళ్లు తంబాకు అంటారు, బడి తెలుగులో పొగాకు. ఈ సంచికలో పండుగలు, పాటలు, అద్దాల పేట్యా గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ఈ ముచ్చట ఎత్తుకున్నాను.

తమాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి దిగింది. అక్కడి నుంచి దక్కన్‌లో ముందుగా నాటుకున్న చోట్లలో బీజాపూర్ ఒకటి. 1604 ప్రాంతంలో అక్బర్ పాదుషా పని మీద బీజాపూర్ వెళ్లిన అసద్ బేగ్ అనే ఉద్యోగి అక్కడ పొగాకును చూసి ముచ్చటపడి, రత్నాలు పొదిగిన గొట్టంతో సహా కొనుక్కొని పోయి దర్బారులో పెట్టాడు. పాదుషా రెండు మూడు దమ్ములు లాగాడనీ, హకీములు వద్దని అడ్డుపడ్డారనీ ఆయనే రాసి పెట్టాడు. పదమూడేళ్లు గడిచాక 1617లో జహంగీర్ పొగ తాగడాన్ని నిషేధించాడు. ఆ నిషేధం ఎంత నిలిచిందో తర్వాతి నాలుగు వందల ఏళ్లు చూస్తే తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు మన సంగతి. మన పెద్దలు మారవాడ్ ఎడారి వైపు నుంచి వచ్చామని చెబుతారు. షాజహాన్ వజీరు అసఫ్ ఖాన్ 1630 ప్రాంతంలో బీజాపూర్ మీదికి దండు నడిపినప్పుడు ఆ సైన్యానికి ధాన్యం మోసిన భంగీ, జంగీ నాయకులకు లక్షా ఎనభై వేల ఎద్దులు ఉండేవని చెప్పుకునే కథ తెలియని తండా లేదు. లెక్కలో కొంత అతిశయం ఉండవచ్చు, ఎద్దుల్ని ఎవరూ నిలబెట్టి లెక్కపెట్టలేదు. కానీ కాలం మాత్రం సరిగ్గా కుదురుతుంది. తమాకు పడమటి సముద్రం నుంచి, మనం ఉత్తరపు ఇసుక నేలల నుంచి, ముప్పై ఏళ్లు అటూ ఇటూగా ఒకే దక్కన్‌కు చేరాం. అందుకే తమాకు మన అనాది ఆచారం అని వేదికల మీద ఎవరైనా అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. మనం ఎడారిలో ఉన్ననాడు అది మన చేతిలో లేదు. దారి మీద దొరికింది.

దారి మీద దొరికింది కాబట్టే అంతగా అంటుకుంది కూడా. లదేణి కాలంలో ఎద్దుల వెంట రాత్రీ పగలూ నడిచేవాళ్లకు ఆకలి చంపేది, నిద్ర ఆపేది ఒకటి కావాలి. తీరం నుంచి ఉప్పు, లోపలి సీమల నుంచి ధాన్యం, పత్తి మోసిన గోనెల పక్కన ఒక చిన్న సంచిలో చిలుము, చెకుముకి రాయి, ఆకు ఉండేవి. రోడ్లు, రైళ్లు వచ్చాక లదేణి చచ్చిపోయింది. సికింద్రాబాద్ నుంచి మన్మాడ్ పోయే లైను మన జిల్లా గుండా 1900 ప్రాంతంలో పడింది. ఆ తర్వాత కొద్దికాలానికే ఇందూరు పేరు నిజామాబాద్ అయింది. ఎద్దు మోసే సరుకును రైలు పెట్టె ఎత్తుకున్నాక మనవాళ్లు అడవి అంచుల్లో నిలిచిపోయారు. సిరికొండ, ధర్పల్లి, ఇందల్వాయి వైపు, వర్ని గుట్టల వైపు, గాంధారి వైపు తండాలు స్థిరపడ్డాయి. దారిలో కొనుక్కునే ఆకు అప్పుడు ఇంటి పంట అయింది.

ఎండల సీమలో ఆకు ఎలా బతికింది

మన ఎండలు అందరికీ తెలిసినవే. వైశాఖంలో 45 డిగ్రీలు దాటే నేల ఇది. ఎడారి కాకపోయినా మార్చి నుంచి జూన్ దాకా మెట్ట తండా ఎడారికి తీసిపోదు. ఆ ఎండలో ఇంత వెడల్పు ఆకు పెంచడం అంటే ఎండతో పోట్లాడటం కాదు, ఎండ రాకముందే పని ముగించుకోవడం. మన ఆడవాళ్లు దీన్ని ఏ బడిలోనూ నేర్చుకోలేదు.

తమాకు గింజ దుమ్ములా ఉంటుంది. ఒక్క గ్రాములో పది వేలకు పైగా గింజలు. చేత్తో చల్లితే అన్నీ ఒకే చోట పడతాయి కాబట్టి జల్లించిన బూడిదలో కలిపి చల్లేవారు. అంతకు ముందు మడి మీద కంప, చెత్త పేర్చి కాల్చేవారు. మట్టిలో ఉన్న కలుపు గింజలు, పురుగు గుడ్లు మాడిపోవాలని. వానలు తగ్గుముఖం పట్టే భాద్రపదంలో నారు పోస్తే, పైన టేకు ఆకులో, ఈత మట్టలో కప్పి, రోజూ చిలకరింపుగా నీళ్లు చల్లి ఆరేడు వారాలు కాపాడాలి. బిందెతో పోస్తే గింజ కొట్టుకుపోతుంది. మా దాది చిల్లుల కుండ వాడేది, పిల్లలం దాన్ని ముట్టుకుంటే ఊరుకునేది కాదు.

దీపావళి అటూ ఇటూగా పొద్దుగూకాక మొక్క తీసి నాటేవారు, గజానికో మొక్క. జాగా ఎంపికలోనే అసలు తెలివి ఉంది. నిరుడు పశువులు కట్టేసిన చోట ఈ ఏడు తమాకు పెట్టేవారు. పేడ, మూత్రం ఏడాది పాటు ఇంకిన నేల అది. మనం గోవుల్ని మేపుకునే జాతి కాబట్టి ఎరువుకు కొదవ ఉండేది కాదు. పాత ఊరు పడిపోయిన పాటి మన్ను కూడా తమాకుకు మంచిదే. ఇక నీళ్లు. తాగడానికి పనికిరాని ఉప్పు బావి నీళ్లకు పెరిగిన ఆకు ఘాటుగా ఉంటుందని పెద్దలు అనేవారు. ఇందులో నిజం ఉంది. నేలలో, నీళ్లలో ఉప్పు ఎక్కువైతే ఆకు సరిగా కాలదు, సిగరెట్టుకు పనికిరాదు. నమిలే ఆకుకు మాత్రం ఆ చిక్కు లేదు. తమిళనాడులో నమిలే పొగాకును అలాంటి బావుల కిందే పండిస్తారు. మంచినీళ్లు మనుషులకు, ఉప్పునీళ్లు తమాకుకు. కరువు నేలలో ఇంతకన్నా మంచి పంపకం ఏముంటుంది?

మొగ్గ కనబడగానే తల తుంచాలి. తుంచకపోతే బలమంతా పువ్వుకు పోతుంది. తుంచాక పది పన్నెండు ఆకులే మిగులుతాయి, అవే దళసరిగా, జిగురుగా తయారవుతాయి. నికోటిన్ వేళ్లలో పుట్టి ఆకుకు ఎక్కుతుందనీ, తల తుంచితే దాని పాలు పెరుగుతుందనీ శాస్త్రవేత్తలు తేల్చారు. మన ముసలమ్మలు ‘తల తీస్తేనే మొక్కకు కోపం వస్తుంది’ అనేవారు. రెండూ ఒకే మాట. తల తీశాక ప్రతి కణుపు దగ్గర పిలకలు పుడతాయి, వారానికోసారి గిల్లాలి. గింజ కోసం ఒకటి రెండు మొక్కల్ని మాత్రం అలాగే వదిలేసేవారు. ఆ ఒక్క మొక్క గింజ తండా మొత్తానికి సరిపోయి ఇంకా మిగిలేది. గింజకు వెల కట్టిన వాళ్లు లేరు, అడిగితే పెట్టడమే.

లద్దె పురుగును చేత్తో ఏరి చంపేవారు. పొగాకు మల్లె అనే పరాన్న కలుపు వేళ్లకు అంటుకుంటే ఆ మడిని రెండు మూడేళ్లు వదిలేసి ఇంకో చోటికి మారేవారు. కొట్టం మారుతూ ఉండేది కాబట్టి మడి మారడం కష్టం కాదు. మంచు తడి ఆరని ఆకును పొద్దున్నే విరిస్తే తల తిరిగి వాంతి అవుతుంది. పచ్చి ఆకులోని నికోటిన్ తడి చేతి గుండా ఒంట్లోకి దిగుతుంది. అందుకే పచ్చి ఆకు కోత పొద్దెక్కాక, ఎండిన ఆకును తీయడం మాత్రం తెల్లవారక ముందు. మాఘం దాటాక మన గాలికి ఎండిన ఆకు ముట్టుకుంటే పొడి పొడి అవుతుంది. మంచుకు కాస్త మెత్తబడ్డ వేళలోనే దాన్ని దూలం నుంచి దించి కట్టలు కట్టాలి.

తర్వాత కట్టల్ని గోనె కింద పేర్చి వేడెక్కనిచ్చి, తిరగేసి, మళ్లీ పేర్చేవారు. పచ్చి వాసన పోయి రంగు తిరిగేది. కొందరు బెల్లపు నీళ్లు చిలకరించేవారు. చెరకు సీమ కదా, ఫ్యాక్టరీకి ముందే ఊరూరా గానుగలు ఉండేవి, బెల్లం బాన అడుగున మిగిలిన పాకం ఊరికే దొరికేది. పట్నంలో నవాబుల హుక్కాకు వాడే గుడాకు కూడా పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్దే.

ఆకు ఒక్క నోటికే పోలేదు. నానబెట్టిన నీళ్లు కూరగాయల మీది పేనుకు కొట్టేవారు, పశువుల ఒంటి పేలకు, గోమార్లకు రాసేవారు. పెళ్లి మాటలకు, నసాబ్‌కు నాయక్, కారోబారి కూర్చున్నప్పుడు చిలుము చేతులు మారేది. కొత్త మనిషికి నీళ్ల తర్వాత ఇచ్చేది అదే. పంచాయితీలో తప్పు తేలిన మనిషికి ఆ వరుసలో చిలుము అందకపోతే, జుర్మానా కంటే అది ఎక్కువ మండేది.

సారాకు పోలీసు, తమాకుకు సుంకం

నిజాం కాలంలో ఇంట్లో చేసుకునే మత్తు రెండు రకాలు. ఇప్పపువ్వు సారా ఒకటి, తమాకు ఒకటి. ఆబ్కారీ శాఖ సారా మీద కూర్చుంది. కల్లు, సారా అమ్మే హక్కు వేలంలో గుత్తేదార్లకు పోయింది. సొంత కుండలో పొయ్యి మీద చేసుకున్నది నేరమైంది. ఆ కేసులు, ఆ దాడులు తెలంగాణ వచ్చాక గుడుంబా మీద జరిగిన దాడుల దాకా తండాల్ని వెంటాడుతూనే ఉన్నాయి. తండా అంటే గుడుంబా అనే మాట పట్నంలో పాతుకుపోయింది. తమాకు మాత్రం ఆ నిందకు దొరకలేదు.

అట్లా అని సర్కారు దాన్ని మరిచిపోలేదు. బ్రిటిష్ ఇండియాలో 1943లో పొగాకు ఆకు మీదే ఎక్సైజు సుంకం వేశారు. యుద్ధం ఖర్చు కోసం వేసింది యుద్ధం అయ్యాకా పోలేదు. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక, 1950 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ఎక్సైజు మన దగ్గరికీ వచ్చింది. పండించేవాడు చెప్పుకోవాలి, ఎండబెట్టి పదును చేసేవాడు లైసెన్సు తీసుకోవాలి. 1979 బడ్జెట్‌లో చరణ్ సింగ్ ఆకు మీది సుంకం తీసేసేదాకా ఈ పద్ధతి నడిచింది. మా పెద్దల్లో ఎవరికీ ఏ అధికారీ పది మొక్కల కోసం తండాకు వచ్చిన జ్ఞాపకం లేదు. చిన్నదై ఉండటమే దాని రక్ష. 1975లో పార్లమెంటు చట్టంతో పుట్టిన టొబాకో బోర్డు, గుంటూరు ఆఫీసు, అవన్నీ సిగరెట్టుకు పోయే వర్జీనియా పొగాకు సంగతి. పెరటి నాటు ఆకుతో వాటికి పని లేదు.

కాలువ వచ్చాక

1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీరను ఆపి 2,75,000 ఎకరాలకు నీళ్లివ్వాలని కట్టింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంజనీరు. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఈ రెంటి మధ్యే, 1930లో, హైదరాబాద్‌లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ పుట్టి చార్మినార్ సిగరెట్లు చుట్టడం మొదలుపెట్టింది. ఏడెనిమిదేళ్లలో మన ఇంటి పంట చుట్టూ లోకం మారిపోయింది. కాలువ కింద భూమి ధర పెరిగింది. కోస్తా నుంచి రైతులు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు, కష్టపడ్డారు, పండించారు. అందులో వాళ్ల తప్పు వెతకను. కానీ కాలువ నీళ్లు పల్లానికి పోతాయి, తండాలు మిట్ట మీద ఉన్నాయి. ఆ నీళ్లు తండాను చూడలేదు. తండా మనిషి ఆ నీళ్ల దగ్గరికి కూలీగా పోయాడు.

ఇక్కడే తమాకు కథ మలుపు తిరిగింది. చెరకు నరికే కాలం ఏది? కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా. తమాకు నాటే, తల తుంచే, పిలకలు గిల్లే, కోసే కాలం ఏది? అవే నెలలు. జంటలు జంటలుగా మొగుడూ పెళ్లాం ఎద్దుల బండితో చెరకు తోటకు పోతే ఇంట్లో మిగిలింది ముసలివాళ్లు, చిన్నపిల్లలు. కాబట్టి చాలా తండాల్లో పెరటి తమాకు ముసలమ్మల పంట అయింది. నడుం వంగే శక్తి ఉన్నంత కాలం వాళ్లు నిలబెట్టారు. చెరకు పొలాల నుంచి వారానికోసారి వచ్చేవాళ్లు కట్ట తీసుకుని మళ్లీ పోయేవారు. ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుసలో రాత్రంతా కూర్చున్న మనిషికి తల్లి ఎండబెట్టిన ఆకే తోడు.

బీడీ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే బయటి వాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. నిజామాబాద్ బీడీల జిల్లా. వేల మంది ఆడవాళ్ల ఇంటి పని అది. అయితే బీడీలో పోసే తంబాకు మనది కాదు. అది ఎక్కువగా కర్ణాటకలోని నిపాణి నుంచి, గుజరాత్ నుంచి వస్తుంది. పొడిగా, రవ్వలుగా రాలే రకం అది. మన పెరటి ఆకు దళసరి, జిగురు, చుట్టకు, చిలుముకు, సున్నంతో నమలడానికి తప్ప బీడీకి ఒదగదు. బీడీలో మన వాటా తునికాకు. ఎండాకాలం మొదట్లో అడవికి పోయి కోసి, యాభై ఆకుల కట్టలు కట్టి కల్లానికి చేర్చేది తండాల వాళ్లు, గూడేల వాళ్లు. ఆ ఆకు వ్యాపారం 1971 చట్టంతో సర్కారు చేతిలోకి పోయింది. ఇట్లా ఒకే వస్తువులో పైపొర మన అడవిది, లోపలిది పరాయి చేనిది, చుట్టే వేళ్లు ఊరి ఆడవాళ్లవి, లాభం ఇంకెవరిదో. చుట్టేవాళ్ల కోసం 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది, తెలంగాణ వచ్చాక పింఛను వచ్చింది. ఆకు కోసే చేతికి మాత్రం కట్ట రేటు తప్ప ఇంకో గుర్తింపు లేదు.

ఇదంతా రాస్తుంటే మా ఇంట్లో చదువుకున్న పిల్లలు అడిగారు: సేవాలాల్ మహరాజ్ మత్తు వద్దన్నాడు కదా, జయంతి రోజు భోగ్ దగ్గర ఆ మాట చెప్పుకుంటాం కదా, మళ్లీ తమాకును ఎందుకు ఎత్తుకోవడం అని. సరైన ప్రశ్నే. తమాకు మంచిదని నేను రాయడం లేదు. చెంపలో ఆకు పెట్టుకుని పడుకున్న మా దాది నోట్లో తెల్ల మచ్చ వచ్చింది, అది పుండయింది, చివరి మూడు నెలలు గంజి తప్ప దిగలేదు. ఇంట్లో పండినా, కంపెనీలో పండినా ఆకు చేసే కీడు ఒకటే. ‘మా నాటుది మందు లాంటిది’ అనే మాట అబద్ధం.

కానీ మానడం వేరు, మారడం వేరు. తండాలు తమాకును మానలేదు. పెరటిది పోయి ప్యాకెట్టు వచ్చింది, అంతే. ఇప్పుడు ఇరవై ఏళ్ల కుర్రాడి జేబులో ఉండేది గుట్కా. 2011 ఆహార భద్రత నిబంధనల్లో తినే సరుకులో పొగాకు కలపొద్దన్నారు, తర్వాత రాష్ట్రమూ గుట్కాను నిషేధించింది, అయినా తండా కిరాణా కొట్టులో దారానికి వేలాడుతూ కనబడుతుంది. ముసలమ్మకు ఏడాదికి పైసా ఖర్చు కాని అలవాటుకు మనవడు రోజు కూలీలో నుంచి కడుతున్నాడు. అదీ ఎన్నడూ తెగని పద్దు. ఆకు ఇంట్లో పండినప్పుడు ఎంత ఉంటే అంతే, వచ్చే మాఘం దాకా ఆగాలి. కొట్టు ఆగదు.

పెరటి మడి పోవడానికి ఏ చట్టమూ కారణం కాదు, ఏ బోధా కారణం కాదు. మొదట పశువులు తగ్గాయి. ట్రాక్టరు వచ్చాక ఎద్దులు పోయాయి, మేత భూములు పోయాక ఆవులు పోయాయి, వాటితో పాటు ఆ నేల బలం పోయింది. తర్వాత మనుషులు తగ్గారు. 2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్ గేటు దాకా పోయి వారానికోసారి ఇల్లు చూసుకునే మనిషి ఇప్పుడు ఇంకో జిల్లా ఫ్యాక్టరీకి, ఇంకో రాష్ట్రానికి పోతున్నాడు. కార్తీకంలో వేసిన తాళం ఉగాదికి గాని తీయడం లేదు. పిలకలు గిల్లేవాళ్లు లేని తమాకు మొక్క నెల రోజుల్లో నిలువెత్తు పెరిగి, గులాబి రంగు పూలు పూసి, గింజ రాల్చి ఎండిపోతుంది. 1976 చట్టంతో మనల్ని షెడ్యూల్డు తెగల్లో చేర్చారు, 2018 చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు సొంత గ్రామ పంచాయతీలు అయ్యాయి. కొత్త పంచాయతీ ఆఫీసు కట్టిన జాగా చాలా తండాల్లో పాత పశువుల మందదే. మా తండాలో ఆ గోడ వెనక, ట్యాంకు నీళ్లు కారే చోట, ఎవరూ వేయని తమాకు మొక్కలు రెండు మూడు ఏటా వానలు తగ్గాక మొలుస్తాయి. స్వచ్ఛత పని చేసే పిల్లలు కలుపు అనుకుని పీకేస్తారు.